స్వామి పేరు

బరంపురం క్లినిక్‌లో ఫారం ఒడియాలో ఇచ్చారు.
మెడ మీద కుట్టు ఇంకా పచ్చి, తల వంచలేను,
అమ్మే రాసింది.
నెత్తిన గొడుగులు పట్టుకున్న ఆ అక్షరాల్ని
వేలితో తడుముకుంటూ,
ఊరు పర్లాకిమిడి, వయసు ఇరవై ఏడు,
"స్వామి పేరు" దగ్గర కాసేపు ఆగి
ముఖలింగేశ్వరుడు అని రాసింది.

నర్సు పెన్ను కొరుక్కుంటూ నవ్వాపుకుంది.
ఒడియాలో స్వామి అంటే మొగుడమ్మా.
అమ్మ కొట్టెయ్యలేదు.
దేవుడి పేరు మీద గీత గియ్యకూడదట.

డాక్టరమ్మ గోడ మీది కేలెండరు దించి బల్ల మీద పరిచింది.
గడ్డకి మందు ఎక్కించడానికి పద్నాలుగు రోజులే ఆగొచ్చు.
ఆ మందు గడ్డతో ఊరుకోదు,
జుట్టు కుదుళ్ళకీ వెళ్తుంది, అండాశయాలకీ వెళ్తుంది.
పిండాలు చేసి దాచొచ్చు, కానీ దానికి మొగుడు...
ఫారం వైపు చూసి తనే ఆగిపోయింది.
అండాశయం ముక్క కోసి దాచే పద్ధతి ఉంది, ఇక్కడ కాదు.
నెలకో సూదితో వాటిని నిద్రపుచ్చొచ్చు,
నిద్ర ఎంత గట్టిదో చెప్పలేం.
లేదంటే అండాలు తీసి గడ్డకట్టించడం.
"గ్యారంటీయా?" అన్నాడు నాన్న.
ఆవిడ అరచేత్తో గాలిని కొంచెం తూచింది.

పెద్దత్త ఫోన్లో,
"గుంట బతికితే సాల్దేటి, ఇయ్యన్నీ ఇప్పుడేటికి?"
అప్పటిదాకా నాకు పిల్లలు కావాలని లేదు.
రైసుమిల్లులో బస్తాల లెక్క రాసుకునేదాన్ని.
వద్దనే హక్కు కూడా దాచుకోవాల్సిన వస్తువేనని
మూడో సూది నాడు తెలిసింది.

మా ఇంట్లో ఫ్రిజ్ లేదు.
కొర్లయ్య సోడాకొట్టులో, బాదంపాల సీసాల వెనక,
స్టీలు డబ్బాలో నా సూదులు.
వీధంతా నాకు షుగరనుకుంది.
ఎవరో కాకరకాయలు పంపారు. వేయించుకు తిన్నాం.
రోజూ రాత్రి ఏడింటికి, బొడ్డుకి రెండు వేళ్ళ పక్కన.
కరెంటు పోయిన రాత్రి
కొర్లయ్య ఐసుగడ్డ గోనెలో చుట్టి భుజాన మోసుకొచ్చాడు.
ఏటని అడగలేదు.

తెర మీద నల్లటి గుండ్రాలు.
పన్నెండు, పద్నాలుగు, పదహారు మిల్లీమీటర్లు,
పైకి చదువుతోంది స్కానింగ్ పిల్ల.
కొమ్ము దువ్వెనకి పళ్ళు కోసేటప్పుడు
నాన్న ఇలాగే ఊపిరి బిగబట్టేవాడు.

పన్నెండో రోజు మత్తిచ్చి తీశారు.
పదకొండు. వాటిలో పక్వమైనవి ఏడు.
సున్నాకి కింద నూట తొంభై ఆరు డిగ్రీలు.
మహేంద్రగిరి మీద పుష్యమాసమూ
ఆ చలి దగ్గర ఎండాకాలమే.
"సలేస్తాదేమో," అంది అమ్మ.
ఎవరం నవ్వలేదు.

పద్నాలుగో రోజు మందు ఎక్కింది.
మూడో వారానికి జుట్టు దిండు మీద ఉంది.
ఆ ఏడాదంతా నాన్న దువ్వెనలు ముట్టలేదు,
కొంగలే చేశాడు,
పొడుగు మెడల కొమ్ము కొంగలు, అరుగు నిండా.

రెండేళ్ళయింది.
గడ్డ లేదు, ఇప్పటికి.
జుట్టు చెవులు దాటింది.
నిన్న నాన్న పెట్టెలోంచి సన్న రంపం తీసి
నూనె రాసి, మళ్ళీ పెట్టేశాడు.

ఇవాళ ఫోనుకి మెసేజి:
దాచినందుకు ఏడాది అద్దె కట్టవలెను.
పేరు తిలోత్తమ. భర్త ముఖలింగేశ్వరుడు.
కంప్యూటర్లో ఎవరూ దిద్దలేదు.

ఆ ఏడింటినీ ఏం చేస్తానో నాకింకా తెలీదు.
మిల్లు జీతంలోంచి కట్టేసి
రసీదు బస్తాల పుస్తకంలో పెట్టుకున్నాను.
బిల్లు దేవుడి పేరున వస్తుంది.
కట్టేది నేను.